ఐదు రోజులు ఫోను ముట్టనన్నాను

ఓడెక్కిన మర్నాడు పొద్దున్నే నేను చేసిన మొదటి పని, పై అంతస్తులో ఉన్న స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వెళ్లి, అంచున చతికిలబడి, దోసిట్లో నీళ్లు తీసి వాసన చూసి, ఒక చుక్క నాలిక మీద వేసుకోవడం. వెనకాలే వస్తున్న మా ఆవిడ గతుక్కుమంది.

"ఏవండీ! అది చెరువు కాదండీ. ఎవరన్నా చూస్తే ఏవనుకుంటారు?"

చూడనే చూశారు. పక్కన తువ్వాళ్లు మడతపెడుతున్న మలయాళీ అమ్మాయి మొహం అటు తిప్పుకుని నవ్వాపుకుంటోంది. నీళ్లు ఉప్పగా, మందు వాసన కొడుతూ ఉన్నాయి.

"ఇందులో చేప గంట కూడా బతకదు" అన్నాను.

"చేపల కోసం పెట్టలేదు లెండి. మనుషుల కోసం పెట్టారు. మీరూ ఒకసారి మనిషిలా దిగితే బావుంటుంది" అంది మా ఆవిడ.

నేను దిగలేదు. ఎంత లోతుందో, ఎన్నాళ్లకోసారి నీళ్లు మారుస్తారో ఆ అమ్మాయిని అడిగి తెలుసుకుని వచ్చేశాను. ముప్ఫై రెండేళ్లు చేపల చెరువులు చేసినవాణ్ణి. నీళ్లు కనిపిస్తే దిగాలనిపించదు, వాటికేం రోగం ఉందో చూడాలనిపిస్తుంది.

మా చెరువులు మూడు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేటి వైపు దిగితే వస్తాయి. మా నాన్నగారి రోజుల్లో అక్కడ వరి వేసేవారు, ఏటా ముంపుకి పోయేది. ఆ చేలని చెరువులుగా తవ్వించింది నేను. శీలావతి, బొచ్చె చేపలు పెంచాను. రోజూ తెల్లారేసరికి గట్టు మీద ఉండాలి. ఎందుకంటే చెరువుకి ప్రమాదం వచ్చేది తెల్లారగట్టే. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే చేప పైకొచ్చి, నోరు తెరిచి, గుటకలు వేస్తుంది. అప్పటికప్పుడు నీళ్లు చిలికే ఏరేటర్లు ఆడించడమో, తూము తీసి పక్క డ్రెయిన్ కాలవలోంచి కొత్తనీరు పెట్టడమో చెయ్యకపోతే ఎండెక్కేలోపు చెరువంతా తెల్లగా తేలిపోతుంది. మబ్బు పట్టి గాలి లేని రోజులైతే మరీ భయం. ఊరందరూ చల్లగా ఉందని పకోడీలు వేయించుకుంటుంటే, మేం మాత్రం ఆకాశం వంక చూసి తిట్టుకుంటూ ఉంటాం.

అందుకే చెరువులు తవ్వించాక ఈ ముప్ఫై రెండేళ్లలో మా ఆవిడా నేనూ కలిసి వరసగా రెండు రాత్రులు బయట పడుకున్నది లేదు. తిరుపతి వెళ్తే దర్శనం అయిన వెంటనే బస్సెక్కేవాళ్లం. కామవరపుకోటలో వాళ్ల అక్కగారి అమ్మాయి పెళ్లికి వెళ్లి, మబ్బు పట్టిందని తలంబ్రాల ముందే లేచి వచ్చేశాను. ఆ సంగతి మా ఆవిడ మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వలేదు. ఏ పెళ్లి శుభలేఖ వచ్చినా "తలంబ్రాల దాకా ఉంటారా?" అని అడుగుతుంది.

ఉద్యోగస్తుడికి రిటైర్మెంటుకి ఒక తేదీ ఉంటుంది. దండ వేస్తారు, శాలువా కప్పుతారు, ఇంటి దాకా కారులో దింపుతారు. చేపల రైతుకి ఎవరు కప్పుతారు శాలువా? పోయిన వేసవిలో గట్టు మీద జారిపడి మోకాలు చెడగొట్టుకున్నాను. నా రిటైర్మెంటు అదే. కర్ర పట్టుకుని వెళ్లేవాణ్ణి, కుర్చీ వేయించుకుని కూర్చునేవాణ్ణి, కానీ మానలేదు.

మాకు ఒక్కతే అమ్మాయి. చేపల చదువే చదివింది. తాడేపల్లిగూడెంలో ఇచ్చాం. అల్లుడికి కైకలూరు బ్యాంకులో ఉద్యోగం కాబట్టి వాళ్ల కాపురం అక్కడే. రెండేళ్లుగా రోజూ స్కూటీ మీద చెరువు దగ్గరికి వచ్చేది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే మీటరు ఒకటి కొనుక్కుంది. నీళ్లలో దించి "నాన్నా, మూడే చూపిస్తోంది" అనేది. "నా నాలిక ఐదు చూపిస్తోందమ్మా" అనేవాణ్ణి. కాపలా ఉండే మనిషి నవ్వేవాడు, నేనూ నవ్వేవాణ్ణి. అమ్మాయి నవ్వేది కాదు. నేను తనని పని చెయ్యనిస్తున్నాననుకున్నాను. నిజానికి గొడుగు పట్టుకుని పక్కన నిలబడనిచ్చానంతే.

ఓడ సంగతి మా వియ్యంకుడి పుణ్యం. తాడేపల్లిగూడెంలో ధాన్యం వ్యాపారం చేసి మానేశారాయన. దంపతులిద్దరూ మద్రాసులో ఓడెక్కి శ్రీలంక చూసొచ్చారు. వచ్చాక ఆర్నెల్లు అదే మాట. పన్నెండు అంతస్తులట, లోపల లిఫ్టులట, పొద్దున్న లేస్తే యాభై రకాల టిఫిన్లట. మా ఆవిడ కళ్లింతలు చేసుకుని వినేది. ఒక రాత్రి భోజనం దగ్గర "మనకి పాస్‌పోర్టు అన్నా ఉందాండీ?" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అమ్మాయే అన్నీ చేసింది. పాస్‌పోర్టులు, టిక్కెట్లు, మా ఆవిడకి చీర మీదకి వేసుకునే గుడ్డ బూట్లు. అన్నీ అయ్యాక ఒక రోజు రోడ్డు పక్క చెరువు గట్టు మీద నన్ను నిలబెట్టి చెప్పింది.

"నాన్నా, ఐదు రోజులు. ఫోను అమ్మ సంచిలో ఉంటుంది. నాకు చెయ్యొద్దు, కాపలా ఆయనకీ చెయ్యొద్దు. ఈ ఐదు రోజులూ నేను సరిగ్గా చూసుకుంటే, మీరు వచ్చాక చెరువులు నాకు వదిలెయ్యాలి. చూసుకోలేకపోతే, మామయ్యగారు అంటున్నట్టు లీజుకి ఇచ్చేద్దాం. నేను మళ్లీ అడగను."

మా వియ్యంకుడు చాలాకాలంగా అదే పాట పాడుతున్నారు. కోడలు బురదలో రబ్బరు బూట్లేసుకుని తిరగడం ఆయనకి ఇష్టం లేదు. అమ్మాయి పట్టుబట్టి ఆపుతూ వచ్చింది. తనకి ఆ చెరువులంటే ఎంతో నాకు తెలుసు. చిన్నప్పుడు బొమ్మలు అడగలేదు, మేత పడవ ఎక్కించమని అడిగేది.

"సరే, ముట్టను" అన్నాను. మాట ఇచ్చేటప్పుడు నాకు అబద్ధం ఆడుతున్నానని అనిపించలేదు.

ఓడ బాగానే ఉంది. బాగోలేదని ఎవరన్నా అంటే అది వాళ్ల ఖర్మ. మా గదికి గుండ్రటి కిటికీ, దాని నిండా సముద్రం. మా ఆవిడ పై అంతస్తులో ఒక పడక కుర్చీ ఎంచుకుని, కాళ్లు చాపుకుని, టీ కప్పు పొట్ట మీద ఆనించుకుని నీళ్ల వంక చూస్తూ గంటలు గంటలు కూర్చుంది. పక్కన ఎవరో గుంటూరావిడ దొరికితే కబుర్లు. దొరక్కపోతే ఉత్తినే కూర్చోవడం. మోకాళ్ల దాకా ఎండ పడితే పడనిచ్చింది. ఆవిడని ఏ పనీ లేకుండా అంతసేపు నేనెప్పుడూ చూడలేదు.

చూసి సంతోషించాలి కదా. నాకు కోపం వచ్చింది. ఇంత తేలిగ్గా ఎలా మర్చిపోయింది, అక్కడ మూడు చెరువుల్లో చేప ఉందన్న సంగతి ఈవిడకి గుర్తుందా అని. ఆ కోపం తప్పని తెలుసు. తెలిసినా వచ్చింది.

తెల్లారగట్ల లేచి ఓడ చుట్టూ తిరిగేవాణ్ణి. కర్ర టకటకలాడించుకుంటూ ఒక చివరి నుంచి ఇంకో చివరికి, మళ్లీ వెనక్కి, గట్టు మీద తిరిగినట్టే. ఓడవాళ్లు వ్యాయామం అనుకుని గుడ్ మార్నింగ్ చెప్పి వేలెత్తి మెచ్చుకునేవారు. కింద అంత నీరు. దానికి తూము లేదు, గట్టు లేదు, దాన్ని చూసుకునే రైతు లేడు. దాని పాటికి అది ఉంది. అది చూస్తే నాకు ఊపిరి ఆడేది కాదు.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నిమ్మరసం, వెన్న వేసి చేపముక్కలు పెట్టారు. ముక్క విరిచి చూడగానే తెలిసిపోయింది, పంగస్. మా పక్క ఊళ్లో లారీలు లారీలు పెంచేదే. టోపీ పెట్టుకున్న వంటాయన్ని పిలిచి "ఇది ఎక్కడి చేప?" అని అడిగాను. ఆయన ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. "కాదు, ఏ జిల్లాది?" అన్నాను. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. అప్పటిదాకా తిననివాణ్ణి, అది మాత్రం రెండోసారి అడిగి తిన్నాను.

మూడో రోజు ఓడ ట్రింకోమలీ రేవులో ఆగింది. లేచి కిటికీ తెర తీశాను. ఆకాశం నిండా మబ్బు. గాలి లేదు. రేవులో జెండాలు గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి. ఓడలో అందరికీ ఎక్కడలేని సంబరం. ఎండ లేదు, హాయిగా ఊరు తిరగొచ్చని. నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. మనవైపు కూడా ఇదే మబ్బు ఉంటే? బంగాళాఖాతం మీద పట్టింది కొల్లేటి మీద పట్టదా?

మెట్లు దిగి రేవు గట్టు మీద నిలబడ్డాం. వంగి నీళ్లలోకి చూశాను. వందల కొద్దీ చేప పైకి తేలి, నోళ్లు తెరిచి, గుటకలు వేస్తోంది. తెల్ల యూనిఫాం వేసుకున్న ఓడ ఆఫీసరు దగ్గరికి కర్ర ఊపుకుంటూ, కుంటుకుంటూ పరిగెత్తాను.

"సార్, నీళ్లలో ఆక్సిజన్ లేదు. చూడండి, చేప తేలిపోతోంది. ఏదన్నా చెయ్యాలి!"

ఆయన వంగి చూసి నవ్వాడు. ప్యాసింజర్లు రొట్టెముక్కలు విసురుతారు సార్, అలవాటు పడి అడుగుతున్నాయి అన్నాడు. అంటూనే ఒకావిడ గుప్పెడు రొట్టె విసిరింది, నీళ్లు తెల్లగా పొంగినంత పని అయ్యింది. ఆకలితో కొట్లాడుకునే చేపకి ఊపిరాడని జబ్బు ఎక్కడిది? సముద్రంలో, అంత నీళ్లలో, ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుంది? మొదటి రోజు చెరువు పనికొచ్చిన కూలీకి కూడా తెలుసు అది. నాకూ తెలుసు. కానీ ఆ తెరిచిన నోళ్లు నా కళ్లలోంచి పోలేదు. మూడు రోజులుగా నేను బలవంతంగా ఆపుకుంటున్నదంతా ఒక్కసారి పైకొచ్చేసింది.

ఊళ్లో బట్టలకొట్టు ముందు బస్సు ఆపారు. మా ఆవిడ లోపలికి వెళ్తూ, "కాస్త పట్టుకోండి, రెండు నిమిషాల్లో వచ్చేస్తాను" అని సంచి నా చేతికిచ్చింది. ఆవిడకి అనుమానం కూడా రాలేదు. నలభై ఏళ్ల కాపురంలో నేను మాట తప్పినవన్నీ చెరువు కోసమే, అయినా నమ్మింది.

ఫోను తీసి ఆన్ చేశాను. అత్యవసరానికని అమ్మాయి వేయించిన రోమింగు పనిచేసింది, టవరు దొరికింది. అమ్మాయికి చెయ్యలేదు. అమ్మాయికి చేస్తే మాట తప్పానని తెలిసిపోతుంది. కాపలా మనిషికి చేశాను. ఇరవై ఏళ్లుగా మా గట్టు మీద ఉంటున్నవాడు, నాకంటే ఐదారేళ్లు చిన్న.

"ఆయ్, బాబుగారండీ! ఎక్కడున్నారండీ? అమ్మగారు బావున్నారాండీ?"

"అదంతా తర్వాత. మబ్బుందా?"

"ఉందండి. నిన్నట్నించీ ఎండ లేదండి. గాలి కూడా లేదండి."

"చేప తేలిందా?"

"రోడ్డు చెరువులో తెల్లారగట్ట కాస్త పైకొచ్చిందండి. అమ్మాయిగారు మేత ఆపించేసి ఏరేటర్లు ఆడించారండి. ఇప్పుడు సర్దుకుందండి. ఆవిడ ఇంతసేపూ ఇక్కడే ఉన్నారండి, స్నానం చేసొత్తానని ఇప్పుడే ఇంటికెళ్లారండి."

"డ్రెయిన్ నీరు పెట్టలేదా? తూము తియ్యలేదా?"

"అమ్మాయిగారు వద్దన్నారండి. తూముకి పలకలేయించి, మట్టి కూడా కొట్టించారండి."

నాకు మండిపోయింది. మబ్బు పట్టినరోజు డ్రెయిన్‌లోంచి కొత్తనీరు పెట్టడం ముప్ఫై రెండేళ్లుగా నా పద్ధతి. ఎన్నిసార్లు చెరువుని అలా కాపాడుకున్నానో.

"దానికేం తెలుసయ్యా, మీటరు పట్టుకుని తిరగడం తప్ప! నువ్వు పలకలు తియ్యి. ఇప్పుడే తియ్యి. నేను చెప్పానని మాత్రం అమ్మాయికి చెప్పకు."

అవతల ఏరేటర్ల చప్పుడు వినిపిస్తోంది. తర్వాత నెమ్మదిగా "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

ఫోను ఆపేసి సంచిలో పెట్టేశాను. మా ఆవిడ నీలం రంగు గుడ్డ ఒకటి కొనుక్కుని బయటికొచ్చింది. ఎలా ఉందని అడిగితే చాలా బావుందన్నాను. నిజంగానే బావుంది. నా కళ్లకి ఆ పూట అన్నీ బావున్నాయి.

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ తర్వాత రెండు రోజులూ నా జన్మలో అంత సుఖపడింది లేదు. మా ఆవిడ పక్కన పడక కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. యాభై రకాల టిఫిన్లలో ఇరవై అన్నా తిన్నాను. హౌసీ ఆడాను, గెలిచాను, స్టేజీ మీదకి పిలిచి టోపీ పెడితే పెట్టించుకున్నాను. సాయంత్రం సూర్యుడు మునుగుతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పటికి మనిషయ్యారు" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మద్రాసు రేవులో దిగి, పాస్‌పోర్టుల లైన్లో ఉండగా మా ఆవిడ ఫోను నా చేతిలో పెట్టి, "తీసుకోండి, గెలిచారు, మాట నిలబెట్టుకున్నారు" అని నవ్వింది. ఆన్ చేసిన ఐదు నిమిషాలకి అమ్మాయి ఫోను వచ్చింది.

"నాన్నా, రోడ్డు చెరువు పోయింది."

గొంతులో ఏడుపు లేదు. ఏడ్చేసి ఫోను చేసినట్టుంది.

"ఎలా పోయింది?"

"తూము తీశారు నాన్నా. పైన వరి చేలల్లో ముంపు నీరు డ్రెయిన్‌లోకి వదిలేశారు. మందులు కొట్టిన నీరు, కుళ్లిన గడ్డి, అంతా అందులోనే. మీరు వెళ్లిన మర్నాడే డ్రెయిన్లో మీటరు పెట్టి చూశాను, సున్నా చూపించింది. అందుకే తూము మూయించాను. మొన్న ఇంటికెళ్లి స్నానం చేసి వచ్చేసరికి నల్లనీళ్లు సగం చెరువులోకి వచ్చేశాయి. ఇవాళ్టికి ఏమీ మిగల్లేదు. మిగతా రెండూ బాగానే ఉన్నాయి. నేను చూసుకోలేకపోయాను నాన్నా."

నేనే అని ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నోట్లోంచి రాలేదు. "సరేలే, వస్తున్నాంగా" అన్నాను. పాస్‌పోర్టు చూసే అమ్మాయి కెమెరాలోకి చూడమంటే చూశాను. రైల్లో ఏలూరు దాకా మా ఆవిడ కిటికీకి తల ఆనించుకుని ఏడుస్తూనే ఉంది. "పిల్ల ఎంత కుమిలిపోతోందో. ఇహ వాళ్ల మావగారు ఊరుకుంటారా?" అంటూ. నేను సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

చెరువు దగ్గరికి వెళ్లేసరికి వాసన రోడ్డు మీదకే కొడుతోంది. కూలీలు చచ్చిన చేపని గంపలకెత్తి, గొయ్యిలో పోసి సున్నం చల్లుతున్నారు. అమ్మాయి రబ్బరు బూట్లతో గట్టు మీద నిలబడి చూస్తోంది. రెండు చేతులా ఎత్తుకునేంత శీలావతి, ఇంకో రెండు నెలల్లో వలేసి పట్టడానికి వచ్చేది. కాపలా మనిషి నా మొహం చూడలేదు. నేను అడక్కుండానే, నేలవంక చూస్తూ అన్నాడు:

"తూము నేనే తీశానండి. నాకే బుద్ధి పుట్టిందండి."

నేను తలూపాను. తలూపానంతే.

మేం అమ్మాయి వాళ్లింట్లోనే దిగాం. వచ్చిన రెండో రోజు మా వియ్యంకుడు బత్తాయిల సంచి పట్టుకుని కైకలూరు వచ్చారు. అమ్మాయి వాళ్ల వరండాలో కూర్చున్నాం. మెత్తటి మనిషి, గొంతు పెంచరు.

"బావగారూ, అమ్మాయి కష్టపడలేదని నేననను. కానీ ఇది దాని చేతిలో అయ్యే పని కాదని తేలిపోయిందండి. మనుషుల్ని కంట్రోల్లో పెట్టుకోలేకపోయింది కదా. నాకు తెలిసినాయన ఉన్నాడు, మూడూ లీజుకి తీసుకుంటానంటున్నాడు. మీరేవంటారు?"

అమ్మాయి కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నా వంకే చూస్తోంది.

"చూద్దామండీ" అన్నాను.

అమ్మాయి గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట అన్నందుకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు. ఫోన్ చేసినప్పుడు భయంలో చేశాను. ఇది మాత్రం తీరిగ్గా కూర్చుని, కాఫీ తాగుతూ చేశాను.

ఆ తర్వాత అన్నం సయించలేదు, కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలిసేది కాదు. మా ఆవిడ చెరువు పోయిన దిగులనుకుని మజ్జిగలో నిమ్మకాయ పిండి ఇచ్చేది. నాలుగో రోజు పొద్దున్న గట్టు మీదకి వెళ్తే, కాపలా మనిషి పక్కబట్టలు చుట్టుకుని తాడు కడుతున్నాడు.

"భీమడోలు మా చెల్లెలింటికి ఎల్లిపోతానండి. అమ్మాయిగారు ఏవీ అనలేదండి, అదే బాధగా ఉందండి. మొహం చూపించలేకపోతన్నాను."

అప్పుడే మా వియ్యంకుడి కారు వచ్చి ఆగింది. ఆయనతో పాటు లీజు తీసుకుంటానన్న పెద్దమనిషి దిగాడు. అల్లుడు బ్యాంకుకి వెళ్లిపోయినట్టున్నాడు, వెనక స్కూటీ మీద అమ్మాయి, దాని వెనక సీటు మీద మా ఆవిడ. అందరూ గట్టు మీదకి వచ్చారు. ఆ పెద్దమనిషి చెరువు వంక చూసి "పాపం, ఆడపిల్ల, ఏం చేస్తుంది లెండి" అన్నాడు.

"ఆడపిల్ల చెయ్యలేదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అమ్మాయి తూము మూయించింది. తియ్యమన్నది నేను. ఓడ దిగి, దేశం కాని దేశంలో బట్టలకొట్టు ముందు నిలబడి, దొంగతనంగా ఫోన్ చేసి తియ్యించాను. చెప్పొద్దని కూడా నేనే చెప్పాను. ఇతనిది తప్పు లేదు, దానిది అసలే లేదు. ఈ చెరువుని చంపింది నేను."

మా ఆవిడ నా వంక చూసింది. ఓడ మీద నా చెయ్యి పట్టుకున్న సాయంత్రం ఆవిడకి గుర్తొచ్చిందని ఆ చూపులో తెలిసింది. మా వియ్యంకుడు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"తెలుసు నాన్నా" అంది అమ్మాయి.

"తెలుసా?"

"ఇరవై ఏళ్లలో ఈయన మీరు చెప్పకుండా ఒక్క పలక తియ్యలేదు. తనంతట తను తీశానంటే నేనెలా నమ్ముతాను? మొదటి రోజే తెలుసు. మీరు చెబుతారని చూశాను. మద్రాసు నుంచే చెబుతారనుకున్నాను. మామయ్యగారు వచ్చిన రోజు తప్పకుండా చెబుతారనుకున్నాను."

తర్వాత మావగారి వైపు తిరిగి, "మామయ్యగారూ, చెరువులు లీజుకి ఇవ్వట్లేదండీ. ఆయన్ని ఇంత దూరం రప్పించినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పండి" అంది. కాపలా మనిషి చేతిలోంచి పక్కబట్టల మూట తీసుకుని షెడ్డులో పెట్టి వచ్చింది. వచ్చి నా ముందు నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బావుండేది.

"మీరు మాత్రం, నేను పిలిచేదాకా గట్టెక్కకండి నాన్నా."

సరే అన్నాను. ఈసారి మాట ఇస్తున్నానని తెలిసి ఇచ్చాను.

నెల దాటింది. ఏలూరులో మా ఇంట్లోనే ఉంటున్నాను. రోడ్డు చెరువు ఎండగట్టి మళ్లీ చేపపిల్ల వేసిందని అల్లుడు చెప్పాడు. మిగతా రెండిట్లో చేప బాగా పెరిగిందట. అమ్మాయి రోజూ వాళ్ల అమ్మకి ఫోన్ చేస్తుంది, నా ఆరోగ్యం అడుగుతుంది, మందులు వేసుకున్నానో లేదో కనుక్కుంటుంది. చెరువు మాట ఎత్తదు. నేను అడగను.

"పిలవట్లేదంటే అంతా బాగానే ఉన్నట్టు కదండీ, సంతోషించండి" అంటుంది మా ఆవిడ. ఆవిడ అన్నది నిజమే. అమ్మాయి నన్ను పిలవాలంటే తనకి చాతకాని కష్టం ఏదో ఆ చెరువుకి రావాలి. నిన్న పొద్దున్నంతా ఫోను పక్కన పెట్టుకుని, మోగితే బావుండునని కూర్చున్నాను. నేను కోరుకుంటున్నదేమిటో అప్పుడు అర్థమై, ఫోను తీసుకెళ్లి మా ఆవిడ సంచిలో పెట్టేశాను.

తను ఇంకా పిలవలేదు. పిలవకూడదు కూడా.